పెరట్లో తొమ్మిది మూరలు

తాలూకా కచేరీ గంట తొమ్మిది కొట్టింది. ఒక్కొక్క దెబ్బా వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ పెరటి గుమ్మంలో నిలబడ్డ చిన్నమ్మలు, ఇంకొక్క గంట, అనుకుంది. పదింటికి మునిసిపాలిటీ ఓవర్సీరు భాస్కరరావుగారు వస్తారు. పెరట్లో మేస్త్రీ పాతిన మేకుల మధ్య టేపు పట్టి కొలుస్తారు. కొలత ప్లానుతో సరిపోతే సంతకం పెడతారు, రేపు పొద్దున్న పునాది తవ్వకం. సరిపోకపోతే? సరిపోకపోవడానికి దానికేం రోగం, తాతబ్బాయి మేస్త్రీ అమలాపురంలో సగం ఇళ్ళకి గోడలు లేపినవాడు. నిజం చెప్పాలంటే ఆవిడకి భయం కన్నా ఆత్రం ఎక్కువగా ఉంది. ఆ టేపు చూడాలి. తోలు డబ్బాలో చుట్టుకుని పడుకుంటుందట, లాగితే యాభై అడుగులు వస్తుందట, పిడి తిప్పితే మళ్ళీ లోపలికి పోతుందట. లోపల ఎలా సర్దుకుంటుందో! ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి, ఏది చూసినా ఇదెందుకూ అదెందుకూ అనే బుద్ధి మాత్రం పోలేదు. "నీ నాలిక చివర కొక్కెం ఉందే, దారినపోయే ప్రతి మాటా దానికి తగులుకుంటుంది" అనేది అమ్మ.

అమ్మ ఈపాటికి పలివెలలో బస్సెక్కి ఉంటుంది. చిన్నమ్మలు మొగుడు మాణిక్యాలరావు మొదటి బస్సుకే వెళ్ళాడు అత్తగారిని తీసుకురావడానికి. అచ్చాయమ్మ వస్తుంది, గది వేసే స్థలం చూస్తుంది, సాయంకాలం బస్సుకి వెళ్ళిపోతుంది. వస్తూ వస్తూ చేతిలో మరచెంబు తెచ్చుకుంటుంది. ఆ మరచెంబంటే చిన్నమ్మలుకి ఒళ్ళుమంట. ఇత్తడిది, మూతకి చిన్న సొట్ట. కన్యాదానం చేసిన ఇంట కూతురి కడుపు పండేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదని అచ్చాయమ్మ నియమం. కడుపు పండలేదు. ఇరవై ఏళ్ళయింది పెళ్ళయి. ఇరవై ఏళ్ళుగా అమ్మ ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా వీధరుగుమీదే కూచుని తన చెంబులో నీళ్ళు తనే తాగి, తన మూటలో అటుకులు తనే తిని, కూతురి తల నిమిరి వెళ్ళిపోతుంది. ఒకసారి వైశాఖంలో చెంబు ఖాళీ అయిపోయి పెదాలు పిడచగట్టుకుపోతున్నా, లోపల్నించి తెచ్చిన గ్లాసు వంక చూసి నవ్వి తల అడ్డంగా ఊపింది. ఆవేళ చిన్నమ్మలు వంటింట్లోకి పోయి కుండ పగలగొట్టింది. జారిపోయిందండీ, అంది మొగుడితో. ఆయన నమ్మలేదు గానీ కొత్త కుండ తెచ్చాడు.

అప్పుడు అమ్మకో ఇల్లుంది. లంకలో తాటాకిల్లు, చుట్టూ వంగ తోట, ఏటికి కూతవేటు దూరం. కిందటేడు శ్రావణంలో గోదావరి వచ్చింది కదా, ఇల్లూ తోటా పట్టుకుపోయింది, పోతూ పోతూ నిలువెత్తు ఇసక మేట వేసిపోయింది. అమ్మ కొబ్బరిచెట్టు మొదలు కావలించుకుని రాత్రంతా నీళ్ళలో ఉందని పడవవాళ్ళు చెప్పారు. అమ్మ చెప్పలేదు. ఏమ్మా చెట్టు పట్టుకుని ఏం ఆలోచించేవని అడిగితే "చీమలు కుట్టేయే" అంది. అంతే. ఇప్పుడు పలివెలలో దూరపు చుట్టాల వసారాలో ఉంటోంది. వాళ్ళింట్లో ఈ నెలాఖరుకి పెళ్ళి, వసారా ఖాళీ చెయ్యాలి. కూతురింట ఉండదుట, అల్లుడి నీడన పడి తినదుట. లంకలో ఇసకమీద మళ్ళీ పాక వేసుకుంటానని తాటాకులకి చెప్పేసింది కూడా. ఇది వైశాఖం. ఇంక రెండు నెలలు గడిస్తే ఏరు మళ్ళీ ఎర్రబడుతుంది. ఈసారి పట్టుకోడానికి ఆ కొబ్బరిచెట్టు కూడా లేదు. కూలిపోయింది.

అందుకే ఈ గది. పెరటివైపు, వేరే గుమ్మం, వేరే పొయ్యి. ఆలోచన మాణిక్యాలరావుదే. మంచివాడు, కాదనకూడదు, బజార్లో బట్టలకొట్లో ఇరవై ఏళ్ళుగా గుడ్డ కొలుస్తూ కూడా ఎవరిచేతా మాట పడని మనిషి. అయితే గది వెయ్యడం అంటే వెదుళ్ళు పాతి తడిక కట్టడం కాదు, అర్జీ పెట్టాలి, ప్లాను గీయించాలి, మునిసిపాలిటీ సరేననాలి. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ ఇల్లు కట్టడానికి అర్జీ పెట్టి చూడు అని ఎవరూ అనలేదు, అప్పటివాళ్ళకి ఆ సుఖం తెలీదు పాపం. మొదటిసారి అర్జీ తిరిగొచ్చింది. స్థలం ఎవరి పేరునుందో వాళ్ళే సంతకం చెయ్యాలండీ, ఇది బంగారమ్మగారు కోడలికి రాసిన పెరడు, మీదెలా అవుతుందీ, అన్నాడట గుమాస్తా. మాణిక్యాలరావు ఇంటికొచ్చి ట్రంకుపెట్టె బోర్లించాడు. నిజమే. ఆరేళ్ళ క్రితం పోయేముందు ఆయన తల్లి బంగారమ్మ ఇల్లు కొడుక్కీ, పెరడూ నుయ్యీ కోడలికీ రాసేసి, దానిమీద వేలిముద్ర వేసిపోయింది. అప్పుడు ఏడుస్తూ ఆ కాయితం ఎవరూ సరిగ్గా చదవలేదు. ఇదేంటండీ, ఆరేళ్ళుగా నేను మీ ఇంట్లోంచి మా నూతికి వచ్చి నీళ్ళు తోడుకుంటున్నానా, అంటే ఆయన చాలాసేపు నవ్వాడు.

ఆ సంతకానికే ఆవిడ మునిసిపాలిటీ ఆఫీసు మెట్లెక్కింది. లోపలంతా జిగురు వాసన. గుమాస్తా మర్యాదస్థుడు, కుర్చీ వేయించి నిబంధనలు చదివి వినిపించాడు. గోడలు ఇంత మందం, కిటికీలు గది వైశాల్యంలో ఇన్నో వంతు, చూరునీళ్ళు పక్కవాళ్ళ గోడమీద పడకూడదు, వెనక సరిహద్దుకి పది అడుగులు ఖాళీ వదలాలి, పని మొదలెట్టేముందు మేకులు పాతి ఓవర్సీరుకి చూపించాలి. అన్నీ విని చిన్నమ్మలు, "పదే ఎందుకండీ?" అంది. గుమాస్తా కలం ఆపాడు. "గాలీ వెలుతురూనండి, ఆయ్." "తొమ్మిదడుగులైతే గాలి రాదాండీ?" ఆయన కాస్త ఆలోచించి, "రూలు అలా ఉందండి" అన్నాడు. ఇంటికొస్తూ దారిపొడుగునా అదే. పది అని ఎవరు పెట్టి ఉంటారు? ఏ దొరగారో మేడమీద కూచుని కిందకి చూసి అనుకున్నారా? లేకపోతే ఎప్పుడో ఎక్కడో ఓ ఇల్లు అంటుకుంటే నిప్పు ఎంతదూరం దూకిందో ఎవరైనా కొలిచారా? తాటాకిళ్ళ వరసలో అయితే నిప్పు పది కాదు, ముప్ఫై అడుగులు దూకుతుంది, ఆవిడ చిన్నప్పుడు చూసింది. పోనీ మంచం పట్టుకుని ఇద్దరు మనుషులు మలుపు తిరగడానికా? అప్పట్నించి ఈ పెరట్లో నిలబడితే చాలు, గాలి ఎక్కడ ఆగుతుందా అని అరిటాకుల వంక చూస్తూ ఉంటుంది. గాలికి కొలతలు తెలీవు, అది దాని ఇష్టం.

"పూలమ్మా, మల్లెపూలూ!" వీధివైపు కేక. పూల రత్నం. ఎండెక్కాక వస్తుందేం ఇవాళ, అనుకుంటూనే ముందుకి వెళ్ళింది. రత్నం బుట్ట దించి, తడిగుడ్డ తీసి, దండ చివర మోచేతికి ఆనించి మధ్యవేలిదాకా లాగింది. పొట్టి మనిషి, చెయ్యి ఇంకా పొట్టి. "ఇదేం మూరే రత్నం! జానెడుంది. నిన్ను పుట్టించినప్పుడే పూలవ్యాపారానికని చెప్పి పుట్టించేడా ఏంటి బ్రహ్మ?" అంది చిన్నమ్మలు. రత్నానికి ఇది రోజూ ఉన్న గొడవే. "నా చెయ్యి ఇంతేనండి అమ్మగారూ. అయ్యగారి చేత్తో కొలవమంటే నా బుట్ట మూడిళ్ళకే ఖాళీ అయిపోద్దండి. మొన్న మీ పక్కసందున పోతా చూసేనండి, పెరట్లో ఆయన చెయ్యి చాపి కొలుత్తుంటే తాతబ్బాయి మేస్త్రీ అయ్యబాబోయ్ అన్నాడండి. అది చెయ్యి కాదండి, పడవ గెడ!" నవ్వుకుంటూ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. దండ తలలో పెట్టుకుంటూ చిన్నమ్మలు కూడా నవ్వింది, గెడ, అనుకుంటూ, నాలుగడుగులు వేసింది, అయిదో అడుగు పడలేదు.

మొన్న శుక్రవారం. తాతబ్బాయి గది అచ్చొస్తుందో లేదో చూసే ఆయం లెక్క కట్టాడు, తొమ్మిది మూరల పొడుగూ ఏడు మూరల వెడల్పూ, ఏడు తొమ్ముళ్ళు అరవైమూడు, ఎనిమిదిపెట్టి తీసేస్తే ఏడు మిగిలింది, గజాయం అండి, ఏనుగు ఆయం, తిరుగులేదండి అన్నాడు. ఇంటి పాత గోడ పక్కన ఈశాన్యం మూల పసుపు రాసిన మేకు పాతాడు. తరవాత లేచి చేతులు దులుపుకుని, "యజమానిగారు చెయ్యి చాపాలండి" అన్నాడు. ఇల్లు కొలవాలంటే కట్టించుకునేవాడి మూరతోనే కొలవాలి, అడుగులూ అంగుళాలూ పనికిరావు, ఆయం ఆ మనిషి ఒంటికే పడుతుంది. మాణిక్యాలరావు చొక్కా చెయ్యి మడిచి నేలమీద మోచెయ్యి ఆన్చాడు. ఒకటి, రెండు, మూడు... చిన్నమ్మలు గుమ్మంలో నిలబడి ఆయన పంచెకి మట్టి అంటుకుందే, ఉతకాలి కదా, అనుకుంది. అంతే అనుకుంది, మహాతల్లి! మరి ప్లాను గీసినాయన? ఆయన తన గదిలో కూచుని, మూరంటే అడుగున్నర, తొమ్మిది మూరలంటే పదమూడున్నర అడుగులు, అని కాయితంమీద రాసుకున్నాడు. ఊళ్ళో అందరి మూరా అడుగున్నరేనా? రత్నానిది అడుగున్నరా? గెడది అడుగున్నరా?

దొడ్డిగుమ్మం మూల కిటికీ రెక్కకి ఊతంగా పెట్టిన ఇనప గజంబద్ద ఉంది, కొట్లో పాతదైపోతే ఆయన తెచ్చింది. దాన్ని ఊడబెరికి చీర కుచ్చిళ్ళు దోపుకుని పెరట్లోకి దిగింది. పాత గోడ దగ్గర్నించి వెనక మేకుదాకా పడుకోబెట్టింది. ఒకటి. గోటితో గీత గీసి మళ్ళీ పెట్టింది. రెండు, మూడు, నాలుగు, అయిదు. కచ్చితంగా అయిదు. అయిదు గజాలంటే పదిహేను అడుగులు. ప్లానులో పదమూడున్నర. ఆవిడ ఎండలో అలాగే గొంతుకూచుంది. మేకు దగ్గర్నించి కంచెదాకా మళ్ళీ కొలిచింది, రెండు గజాలమీద రెండున్నర అడుగులు, అంటే ఎనిమిదిన్నర. పది కావాలి. ఎనిమిదిన్నర ఉంది. అడుగున్నర తక్కువ. గాలికి కొలతలు తెలీవు గానీ భాస్కరరావుగారి టేపుకి తెలుసు. ఆయన వస్తారు, కొలుస్తారు, కాదంటారు. మళ్ళీ అర్జీ, మళ్ళీ ప్లాను, మళ్ళీ నెలా నెలన్నర. అప్పటికి జ్యేష్ఠం దాటిపోతుంది, ఆషాఢంలో ఎవరూ పునాది తవ్వరు, శ్రావణంలో గోదావరి. తాటాకులకి చెప్పేసిందట అమ్మ. ఏమిటిది, ఎవరిమీద కోప్పడాలి? తాతబ్బాయిది తప్పు కాదు, ప్లాను గీసినాయనది తప్పు కాదు, మాణిక్యాలరావు చెయ్యి పొడుగవడం ఆయన తప్పా?

కంచె మీద కాకి. ఎందుకో దాని కాళ్ళవంక చూస్తూ ఉండిపోయింది. ఎవరి మూరతో కొలుస్తారే. ఎక్కడిదీ మాట? అమ్మది. శివరాత్రికి పలివెల వెళ్ళినప్పుడు కొప్పులింగేశ్వరుడి గుడి బయట, చెప్పులు విడిచిన చోట, అమ్మ గోడకి జేరబడి ఉంది. పెరట్లో గది వేస్తాం అమ్మా, నీ గుమ్మం నీది, నీ పొయ్యి నీది, అని ఊపిరాడకుండా చెప్పుకుపోతోంది చిన్నమ్మలు. ఎవరిదే ఆ గది, అంది అమ్మ. నాదే, కాయితం మీద ఉంది, మా అత్తగారు నాకే రాసేరు. కాయితం సంగతి నాకెందుకే, ఏరొస్తే అదే మొదట నానిపోద్ది. ఎవరి మూరతో కొలుస్తారే? అప్పుడు తను నవ్వింది. ఏ మూరైతేనేమమ్మా, గది గదే కదా, అంది. ఛీ, అన్నిటికీ తగులుకునే కొక్కెం ఆ ఒక్క మాటకీ తగులుకోలేదు. అమ్మ వక్క నోట్లో వేసుకుని నములుతూ, చూస్తాను, స్థలం చూసి అప్పుడు చెప్తాను, వచ్చేదీ రానిదీ, అంది. అల్లుడి చేత్తో కొలిచినది అల్లుడి ఇల్లే. ఎన్ని కాయితాలమీద ఎన్ని సంతకాలు పెట్టినా అమ్మ లెక్క అమ్మది. అమ్మ లంకలో ఇల్లు? దాన్ని కొలిచిందెవరు? నాన్న పోయాక వేసుకున్న ఇల్లది. చీకట్లో లాంతరు పెట్టుకుని అమ్మ నేలమీద వంగి మోచెయ్యి ఆన్చి కొలుస్తుంటే, ఎనిమిదేళ్ళ చిన్నమ్మలు పక్కన నిలబడి, ఎందుకమ్మా చేత్తో కొలుస్తున్నావు, అడుగులతో కొలవచ్చు కదా, అని అడిగింది. "అడుగులకేం, ఎక్కడికైనా పోతాయి. చేతులే ఇంటిని పట్టుకుంటాయి" అంది అమ్మ. ఇరవైఆరేళ్ళు ఎక్కడ దాక్కుందో ఈ మాట.

యజమానిగారు చెయ్యి చాపాలండి. ఎవరు యజమాని? మునిసిపాలిటీ వాళ్ళకి తెలుసు! అర్జీ తిప్పి పంపించి మరీ చెప్పారు. తెలియనిది ఈ ఇంట్లో వాళ్ళకే. తాతబ్బాయి అలవాటుగా మొగాడి వంక చూశాడు, మాణిక్యాలరావు అలవాటుగా చొక్కా మడిచాడు, ఈవిడగారు అలవాటుగా పంచె మట్టి గురించి ఆలోచించింది. గజంబద్ద పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంది చిన్నమ్మలు. మోచేతి ఎముక నుంచి మధ్యవేలి కొసదాకా పదిహేడు అంగుళాలు. పదిహేడు తొమ్ముళ్ళు నూటయాభై మూడు. అడుగుల్లోకి మార్చింది, తప్పు పోయింది, మళ్ళీ మార్చింది. పన్నెండడుగుల తొమ్మిదంగుళాలు. కంచెదాకా? వేళ్ళు చాలలేదు, ముగ్గుపిండితో నేలమీద వేసుకుంది. పదడుగుల తొమ్మిదంగుళాలు! మునిసిపాలిటీకి పదిచ్చి మీద ఇంకో తొమ్మిదంగుళాలు కొసరు. రత్నమా, నీ పొట్టి చేతికి పసుపు రాసి దణ్ణం పెడతానే!

కానీ మేకులు కదపచ్చా? దేవుడికి చెప్పి పాతినవి. ఆవిడ చెయ్యి మేకు దాకా వెళ్ళి ఆగింది. పసుపు మేకు ఈశాన్యం మూలది, అది పాత గోడకి ఆనుకుని ఉంది, దాన్ని ముట్టుకోవక్కర్లేదు. మిగిలిన మూడూ ఒట్టి సరుగుడు ముక్కలు. ఒకటి పట్టుకుని అటూ ఇటూ ఊపింది. నేల గట్టిది, రాలేదు. పచ్చడిబండ తెచ్చి పక్కనించి కొట్టింది. ఊడింది. మిగిలిన రెండూ అలాగే ఊడబెరికింది. ఒక గుంటలోంచి ఓ వానపాము మెలికలు తిరుగుతూ వస్తే, పోవే, నీ ఇల్లు అటు జరిగింది, అంది. తరవాత పసుపు మేకు దగ్గర మోకాళ్ళమీద కూచుని, నేలమీద మోచెయ్యి ఆన్చి, వేళ్ళు చాపింది. ఒకటి. మట్టి వెచ్చగా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఈ పెరడు ఊడుస్తోంది, కళ్ళాపి చల్లుతోంది, దీన్ని ఇలా చేతి కింద పెట్టి చూసింది లేదు. రెండు. ఇక్కడ అత్తగారు ములగచెట్టు వేసింది, బతకలేదు. మూడు. నాలుగు. ఇక్కడ పొయ్యి వస్తుందేమో. అయిదు. చీమ కుట్టింది. చీమలు కుట్టేయే, అంది అమ్మ, చెట్టు పట్టుకున్న ఆ రాత్రి గురించి. ఆరు. అమ్మ పడుకుంటే తల ఇటు పెడుతుంది, దక్షిణంవైపు. ఏడు. ఎనిమిది. తల్లో మల్లెలు జారి మట్టిలో పడ్డాయి, వాటిని తీసే తీరిక లేదు. తొమ్మిది. మేకు పెట్టి బండతో కొట్టింది. వెడల్పుకి ఏడు మూరలు, అదీ తనే. పురికొస విప్పి జరిపిన మేకులకి కట్టింది, పాత గీతలు కాలితో చెరిపేసి కొత్తగా ముగ్గు పోసింది. గీత కొంచెం వంకర వచ్చింది. వస్తే వచ్చింది.

లేచి నిలబడి చేతులు దులుపుకుంటుండగా కచేరీ గంట పది కొట్టడమూ, సందులో సైకిలు గంట మోగడమూ ఒక్కసారే అయ్యాయి. భాస్కరరావుగారు ఖాకీ నిక్కరూ, టోపీతో పక్కసందులోంచి పెరట్లోకే వచ్చేశారు. ఆయన వెనకాలే మాణిక్యాలరావు, ఆ వెనకాల చెప్పుల్లేని కాళ్ళతో, చేతిలో మరచెంబుతో అచ్చాయమ్మ. మాణిక్యాలరావు పెరట్లో అడుగుపెట్టి మేకుల వంక చూశాడు, పెళ్ళాం మోచేతికున్న మట్టి వంక చూశాడు, నోరు తెరిచాడు. చిన్నమ్మలు కళ్ళతోనే ఆగమంది. ఓవర్సీరు టేపు తీశారు. తోలు డబ్బా, ఇత్తడి పిడి, అచ్చం విన్నట్టే ఉంది. ఆ టేపు అంత ఆశపడి చూద్దామనుకున్నది, ఇప్పుడు దానివంక ఒక్క చూపైనా పోలేదు. కళ్ళన్నీ అమ్మమీదే ఉన్నాయి.

"పన్నెండూ తొమ్మిది" అన్నారు భాస్కరరావుగారు. ప్లాను మడత విప్పి చూశారు. "ఇందులో పదమూడున్నరుంది. తగ్గించేరేంటండి?"

"తగ్గితే పర్లేదాండీ?"

"ఎక్కువైతేనే మాకు పేచీ అండి. తగ్గితే ఏం లేదు, నే రాసుకుంటాను." కంచెదాకా టేపు పట్టారు. పదడుగుల తొమ్మిదంగుళాలు. జేబులోంచి పెన్సిలు తీసి తడిపి ఏదో రాసి సంతకం పెట్టారు. ఆ కాయితం చేతిలోకి వచ్చాక కూడా చిన్నమ్మలు నాలిక ఊరుకోలేదు. "ఆ పదడుగులూ ఎందుకండీ బాబుగారూ?" ఆయన టోపీ తీసి చెమట తుడుచుకున్నారు. "నాకూ తెలీదండి. పదకొండేళ్ళ సర్వీసులో ఎవరూ అడగలేదు. కనుక్కుని చెప్తానండి, ఆయ్" అని, టేపు పిడి గిరగిరా తిప్పుకుని సైకిలెక్కి వెళ్ళిపోయారు.

పెరట్లో ముగ్గురే మిగిలారు. "మేకులు జరిగేయి" అన్నాడు మాణిక్యాలరావు మెల్లిగా. "అయితే నా మూర పనికిరాలేదన్నమాట."

"ఎందుకు పనికిరాదండీ, రేపట్నుంచి రత్నం దగ్గర పూలు మీ మూరతోనే కొంటాను" అంది చిన్నమ్మలు. ఆయన కింద పడున్న మల్లెలు ఏరి, మట్టి ఊది, ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టి, కంచె దగ్గరికి తప్పుకుని నిలబడ్డాడు.

అచ్చాయమ్మ ఇంతసేపూ గీత బయటే ఉంది. చెంబు చంకలో పెట్టుకుని, ముగ్గుగీత వంకర వచ్చినచోట ఆగి, దాన్నే చూస్తోంది. "ఎవరి మూరే?" అంది.

"నాదేనమ్మా."

నమ్మిందో లేదో ఆ మొహంలో తెలియలేదు. చెంబు నేలమీద పెట్టింది. కొంగు నడుముకి చుట్టి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగింది, అరవై ఏళ్ళు దాటిన మనిషి, వంగుతుంటే ఎముకలు చప్పుడయ్యాయి. అత్తయ్యగారండీ, మీకెందుకండీ శ్రమ, అన్నాడు మాణిక్యాలరావు. ఆవిడ వినలేదు. పసుపు మేకు దగ్గర మోచెయ్యి ఆన్చి వేళ్ళు చాపింది. ఒకటి. అమ్మ చెయ్యి ముడతలు పడిపోయింది, గోదావరి ఆ చేతిమీద చెట్టుబెరడు గుర్తులు వదిలి వెళ్ళింది, ఇంకా చెరిగిపోలేదు. నాలుగు. అయిదు. ఒకవేళ సరిపోకపోతే? ఎనిమిదిన్నరే వస్తే? అమ్మ ఏమంటుంది? ఏడు. అమ్మ ఆగి ఊపిరి పీల్చుకుంది. ఎనిమిది. ఇక మేకు ఎంత దూరముందో చూడ్డానికి చిన్నమ్మలుకి ధైర్యం చాలక కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి అమ్మ మధ్యవేలు మేకుని ఆనుకుని ఉంది. ఆ వేలు అలాగే ఉంచి, మట్టిలో కూచుండిపోయి, అచ్చాయమ్మ కూతురి చేతివంక చూసింది, తన చేతివంక చూసుకుంది.

"నీకు నాన్న పోలికనుకున్నానే ఇన్నాళ్ళూ" అంది.

తరవాత మరచెంబు దగ్గరికి లాక్కుంది. సొట్ట మూత తిప్పి తీసి, అందులో ఉన్న పలివెల నీళ్ళు మేకు మొదట్లో పోసేసింది. ఎండిన మట్టి గుటకలు వేస్తూ తాగేసింది. ఖాళీ చెంబు ఎత్తి చిన్నమ్మలు వైపు చాపింది.

"నీ నుయ్యి చల్లగా ఉంటాదంటగా. కాసిని తోడుకురా, దాహంగా ఉంది."

చిన్నమ్మలు చెంబు అందుకుంది. నూతి దాకా పది అడుగులే. చేద వేసింది, గిలక కిర్రుమంది, నిండిన చేద పైకి వస్తోంది.